గుంటల్లో ఉన్న ఊరు గజాల్లోకి మారిన తీరు: హైదరాబాద్ శివారు కాలనీల కింది పొరలు

కూకట్‌పల్లిలోనో నిజాంపేటలోనో బోడుప్పల్‌లోనో ఒక ఇంటి దస్తావేజు తీసి షెడ్యూలు చదవండి. "ప్లాటు నంబరు ఇంత, విస్తీర్ణం 200 చదరపు గజాలు, సర్వే నంబరు ఫలానా పైకి, ఫలానా గ్రామం" అని ఉంటుంది. నేల మీద మూడంతస్తుల ఇల్లు, కింద కారు, ఎదురుగా కిరాణా మాల్. కాగితం మీద మాత్రం అది ఇంకా ఒక ఊరి చెలకలో ముక్కే. ఆ వాక్యంలో రెండు లెక్కలు పక్కపక్కనే కూర్చున్నాయి. సర్వే నంబరు రైతు లెక్క, ఎకరాల్లో గుంటల్లో నడుస్తుంది. గజం ప్లాటు లెక్క. హైదరాబాద్ చుట్టూ ఉన్న కాలనీల చరిత్ర అంతా మొదటి లెక్క నుంచి రెండో లెక్కకు సరిగా బదలాయింపు జరగకపోవడంలోనే ఉంది. టైటిల్ తగాదా, అడ్డగోలు మలుపు తిరిగే రోడ్డు, వానకు మునిగే సెల్లారు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, తవ్వితే మూడూ ఆ పాత పొలంలోనే తేలతాయి.

గొలుసు, గుంట, 'పైకి'

నిజాం రాజ్యంలో భూమిని 33 అడుగుల గొలుసుతో కొలిచారు. గొలుసుకు 16 అణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. అంటే 1,089 చదరపు అడుగులు, 121 చదరపు గజాలు. 40 గుంటలైతే ఎకరం, 4,840 గజాలు. ఆంధ్ర వైపు నుంచి వచ్చి కొనేవాళ్లు సెంట్లలో ఆలోచిస్తారు. సెంటు 48.4 గజాలే, గుంటలో సగం కూడా కాదు. బేరం మాటల్లో ఈ తేడా దగ్గర బోల్తా పడ్డవాళ్లు తక్కువేం కాదు.

ఆ కొలతల్లోంచి పుట్టిన కాగితాలే ఇప్పటికీ మూలం. సేత్వార్‌లో ప్రతి సర్వే నంబరుకు తొలి విస్తీర్ణం ఉంటుంది. టీపన్‌లో ఆ నంబరు ఆకారం, భుజాల కొలతలు ఉంటాయి. గ్రామ నక్షాలో అన్ని నంబర్లూ పక్కపక్కన కనిపిస్తాయి, వాటితోపాటు బండ్ల బాట, వాగు, చెరువు, ఊరు కూడా. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు ఎవరు, నేల దున్నుతున్నది ఎవరు అనేవి విడివిడిగా రాశారు. పాత ఉర్దూ కాగితం మీద ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి, ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1358 ఫసలీ అంటే 1948-49.

'పైకి' అన్న చిన్న మాటను చాలామంది దాటేస్తారు. "అందులో కొంత" అని దాని అర్థం. ఎంతో చెబుతుంది గానీ ఎటువైపో చెప్పదు. ఎనిమిదెకరాల సర్వే నంబరును నలుగురు అన్నదమ్ములు రెండేసి ఎకరాలు పంచుకుంటే పహాణీలో అ, ఆ, ఇ, ఈ అని నాలుగు బై నంబర్లు పడతాయి. కానీ సర్వేయరు వచ్చి కొలిచి నక్షాలో గీతలు గీయించుకున్నవాళ్లు అరుదు. గట్టు మీద ఒప్పందం చాలేది, ఎందుకంటే ఎవరి నాగలి ఎక్కడ తిరుగుతుందో ఊరంతటికీ తెలుసు. ప్లాట్లు కొనడానికి వచ్చిన బ్యాంకు గుమాస్తాకు అది తెలియదు. ఒక అన్న తన రెండెకరాలు రోడ్డు వైపే ఉన్నాయని అమ్ముతాడు, ఇంకో తమ్ముడు కూడా అదే రోడ్డు వైపు అమ్ముతాడు. రెండు దస్తావేజులూ విస్తీర్ణం మేరకు సరైనవే. నేల మాత్రం ఒక్కటే.

పొలం ఎవరిది?

హైదరాబాద్‌ను ఆనుకుని ఉన్న పల్లెల్లో చాలా భాగం అత్రాఫ్-ఎ-బల్దా కింద ఉండేది. అది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూమి. మిగిలిన చోట్ల జాగీర్లు, పాయెగాలు (నిజాం దగ్గరి ప్రభువుల ఎస్టేట్లు), ఇనాములు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది, అదే ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం దున్నేవాడిని 'రక్షిత కౌలుదారు'గా గుర్తించింది, ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద యాజమాన్య ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటూ వచ్చింది. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాం నేలలో సాగులో ఉన్నవాడు ఆక్యుపెన్సీ హక్కు పత్రం తెచ్చుకోవాలి, వాడుకలో దాన్నే ఓఆర్‌సీ అంటారు.

సంస్కరణలు మంచివే. కానీ ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి వేర్వేరు రకాల హక్కులు మిగిలిపోయాయి: పహాణీలో పట్టాదారు, రక్షిత కౌలుదారు రిజిస్టరులో ఇంకొకరు, సాదా బైనామా మీద కొనుక్కుని దున్నుకుంటున్న మూడో మనిషి. సాదా బైనామా అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం అమ్మకం. జొన్న పండే నేలకు ఎకరానికి వందల్లో ధర ఉన్నంతకాలం ఈ చిక్కు ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. అదే నేల గజాల్లోకి మారాక కౌలుదారు మనవడు 38-ఇ పత్రం పట్టుకుని కోర్టుకు వస్తాడు. 150 ఇళ్ల కాలనీకి నోటీసులు అందుతాయి. మనవడిది మోసమని కొట్టిపారేయడానికి లేదు, చాలాసార్లు అతని కాగితమే పాతది.

వీటికి తోడు పేదలకిచ్చిన లావణి పట్టాలు ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మడానికీ కొనడానికీ వీల్లేదు. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో మొదలైన భూదానంలో వచ్చిన నేలలు, వక్ఫ్, దేవాదాయ భూములు ఉన్నాయి. ఇవన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉండాల్సినవి. ఆ జాబితాలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి చేరకముందే ఎన్నో ప్లాట్లు చేతులు మారిపోయాయి.

జొన్న చేను, ద్రాక్ష తోట, ఫ్యాక్టరీ

చెరువు కింద తరి, అంటే నీళ్లు పారే నేల. మిగతాది ఖుష్కి, అంటే మెట్ట. తరిలో వరి, ఖుష్కిలో జొన్న, కంది, ఆముదం. పట్నానికి పాలు, కూరగాయలు, పశుగ్రాసం పోయేవి. బావులకు కరెంటు మోటార్లు వచ్చాక కూకట్‌పల్లి, కొంపల్లి, మేడ్చల్ వైపు ద్రాక్ష పందిళ్లు లేచాయి. రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగల అల్లిక, దాని మీద అనాబ్-ఎ-షాహీ తీగ. పెట్టుబడి భారీ, నీళ్లు భారీ, ఆదాయమూ భారీ. ద్రాక్ష రైతుకు బోరు ఎండడమంటే ఒక పంట పోవడం కాదు, పందిరి మీద పెట్టిన డబ్బంతా పోవడం. బోర్లు లోతుకు పోయేకొద్దీ, పక్కన ప్లాట్ల ధర పెరిగేకొద్దీ తోట నిలబెట్టుకోవడం కష్టమైంది. నగరం మింగకముందే నీళ్లు ఆ తోటలను సగం ఓడించాయి.

ఫ్యాక్టరీలు ఇంకో వైపు నుంచి వచ్చాయి. బాలానగర్ పారిశ్రామికవాడ, ఐడీపీఎల్, రామచంద్రాపురంలో భెల్. 1960ల నుంచి బొంబాయి రోడ్డు పొడవునా జీతగాళ్లు పెరిగారు. వాళ్లకు ఇల్లు కావాలి, నగరంలో కొనే స్తోమత లేదు, ఉద్యోగుల సొసైటీ పెట్టుకోవచ్చు. శివార్లలో బ్యాంక్ కాలనీ, టీచర్స్ కాలనీ, ఎన్జీఓస్ కాలనీ పేర్లు అందుకే అంత మామూలు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక వచ్చిన తరంగం దీనికి మూడింతలు అనిపించినా, పొలాన్ని ప్లాటుగా కోసే పద్ధతి అప్పటికే స్థిరపడిపోయింది.

1976 భయం

హౌసింగ్ సొసైటీలు పొలాలు కొంటున్న రోజుల్లోనే పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో ఒక్కొక్కరికి 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదంది. నగరం అంచున, మాస్టర్ ప్లానులో నివాస ప్రాంతంగా చూపించిన పొలాలున్న రైతుకు ఇది పిడుగే. మిగులు తేలితే ప్రభుత్వం నామమాత్రపు పరిహారంతో తీసుకుంటుంది. అందుకని రెండు పనులు జరిగాయి. ఒకటి, సెక్షన్ 20 మినహాయింపు కోసం సొసైటీల పేరుతో దరఖాస్తులు. రెండు, ఏదీ రిజిస్టరు చేయకుండా పాత తేదీల ఒప్పందాల మీద, జీపీఏల (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల) మీద అమ్మకాలు.

పేదలకు నేల దక్కాలని చేసిన చట్టం శివార్లలో అక్రమ కాగితాల పరిశ్రమకు పునాది వేసింది. చాలాచోట్ల ప్రభుత్వం కాగితం మీద మిగులు స్వాధీనం చేసుకుంది, నేల మీద అప్పటికే ఇళ్లున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టం 2008 మార్చిలో రద్దయింది. రద్దుకు ముందు స్వాధీనం నిజంగా జరిగిందా, పంచనామాలోనే జరిగిందా అన్న ప్రశ్న మీద ఇప్పటికీ కేసులు నడుస్తున్నాయి. జీపీఏ మీద జరిగిన అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో, దశాబ్దాల గొలుసులో ఒక్క లింకు జీపీఏ అయినా దాన్ని ఎలా సరిచేయాలన్నది కొనేవాడి నెత్తి మీద పడింది.

పదెకరాలు కోస్తే ఎన్ని ప్లాట్లు

లేఅవుట్ వేసేవాడి లెక్క తెలిస్తే కాలనీ ఎందుకలా ఉందో సగం తెలిసినట్టే. పదెకరాలంటే 48,400 గజాలు. నిబంధనల ప్రకారం వేస్తే రోడ్లకు దాదాపు 30 శాతం, ఖాళీ స్థలానికి 10 శాతం పోతాయి. అమ్మకానికి మిగిలేది 29,040 గజాలు, అంటే 200 గజాల ప్లాట్లు 145. అదే పాత పంచాయతీ లేఅవుట్‌లో రోడ్లు 20, 25 అడుగులకు కుదించి, పార్కు వదలకుండా నూటికి 75 వంతులు అమ్మితే 36,300 గజాలు, 181 ప్లాట్లు. తేడా 36 ప్లాట్లు. అనుమతి రుసుము, ఎదురుచూపు, డ్రైనేజీ ఖర్చు కలిపి చూస్తే అనుమతి లేని లేఅవుట్ ఎందుకంత లాభసాటో వేరే చెప్పనక్కర్లేదు.

హుడా, అంటే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, 1975లో ఏర్పడింది. దాని పరిధిలో సర్పంచ్ సంతకానికి లేఅవుట్ అనుమతి విలువ లేదు. అయినా పంచాయతీ ముద్ర వేసిన నక్షా మీద వేలాది ప్లాట్లు రిజిస్టరయ్యాయి, ఎందుకంటే సబ్ రిజిస్ట్రార్ పని దస్తావేజు నమోదు చేయడమే, లేఅవుట్‌కు అనుమతి ఉందా అని అడగడం అప్పట్లో తప్పనిసరి కాదు. ఈ సందు తెలంగాణలో 2020 ఆగస్టు 26న మూసుకుంది.

అప్పట్లో వెంచర్ సాగే తీరు ఇలా ఉండేది. ఊళ్లోని మధ్యవర్తి రైతుకు బయానా ఇప్పిస్తాడు. పూర్తి డబ్బు ఇవ్వకముందే హద్దు రాళ్లు పాతి సున్నం వేస్తారు, మొరం పోసి రోడ్డు చేస్తారు, హైవే పక్కన కమాను కడతారు. ఆదివారం బస్సులో జనాన్ని తీసుకొస్తారు, భోజనం పెడతారు, నెలవారీ కిస్తీలకు ప్లాట్లు ఇస్తారు. కొన్నవాళ్లలో చాలామంది పదేళ్లకు గానీ మళ్లీ ఆ వైపు చూడరు. ఈలోగా వానలకు మొరం కొట్టుకుపోతుంది, రాళ్లు పక్క చేను గట్టుకు చేరతాయి, రైతు ఖాళీగా ఉన్న నేలలో మళ్లీ జొన్న చల్లుతాడు. దీనికి రైతును తప్పుపట్టలేం. పూర్తి డబ్బు అందని రైతులు ఎందరో.

పార్కు మాయమయ్యేది ఎలాగో కూడా ఇక్కడే చూడాలి. నక్షాలో ఆకుపచ్చగా రంగు వేసినంత మాత్రాన పార్కు పార్కు కాదు. దాన్ని స్థానిక సంస్థ పేర రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ చేయాలి. పాత లేఅవుట్లలో అది చేయలేదు. కాబట్టి ఆ వెయ్యి రెండు వేల గజాలు రికార్డులో పాత పట్టాదారు పేరునే ఉంటాయి. ఆయన పోయాక వారసులు వచ్చి అమ్ముతారు. సంక్షేమ సంఘం లేఅవుట్ నక్షా జిరాక్సు పట్టుకుని తిరుగుతుంది. ఇప్పుడు హుడా స్థానంలో ఉన్న హెచ్‌ఎండీఏ లేఅవుట్లలో రోడ్లు, ఖాళీ స్థలం ముందే అప్పగించాలి, 15 శాతం ప్లాట్లు సంస్థకు తనఖా పెట్టాలి. రోడ్లు, కాలువలు, కరెంటు పనులు పూర్తయ్యాకే తనఖా విడిపించి తుది నక్షా ఇస్తారు. ముసాయిదా ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరు చూపించి అమ్మేటప్పుడు, తనఖాలో ఉన్న ప్లాటు నంబర్ల జాబితా అడగడం మర్చిపోకూడదు.

పక్కపక్క కాలనీల రోడ్లు ఎందుకు కలవవు? ఇద్దరు పట్టాదారులు వేర్వేరు ఏళ్లలో వేర్వేరు మనుషులకు అమ్మారు గనుక. ఒకడి లేఅవుట్ తూర్పు పడమరలకు సరిగ్గా ఉంటుంది, పక్క నంబరు వంకరగా ఉంటే వాడి రోడ్లూ వంకరే. రెండింటి మధ్య పాత గట్టు ప్రహరీ గోడగా నిలుస్తుంది. గట్టు వాలుగా ఉన్నచోట మూడు మూలల ముక్కలు మిగులుతాయి, వాస్తు సరిపోదని ఎవరూ కొనరు, చివరికి ట్రాన్స్‌ఫార్మరో చెత్తకుప్పో చేరుతుంది. కాలనీలో పెద్ద రోడ్డు మాత్రం దాదాపు ఎప్పుడూ పాత బండ్ల బాటే. రోడ్డు వెడల్పు ఎంత ఎత్తు కట్టుకోవచ్చో నిర్ణయిస్తుంది కాబట్టి, ఎడ్లబండి తిరిగిన దారిలోనే ఇవాళ ఎత్తైన అపార్టుమెంట్లు కనిపిస్తాయి. ఇరుకు రోడ్డు మీద ఇంటి అనుమతికి వెళ్తే, రోడ్డు 30 అడుగులు అయ్యేందుకు మీ వాటా పట్టీ వదలమంటారు. ఒకరు వదులుతారు, పక్కవాళ్ల ఇల్లు ముందే ఉంది, అందుకే గోడలు పళ్లూడిన దువ్వెనలా ముందుకూ వెనక్కీ ఉంటాయి.

వీటికి పక్కనే పోలికగా కేపీహెచ్‌బీ, అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ఉంది. ప్రభుత్వం సేకరించి ఇచ్చిన నేలలో హౌసింగ్ బోర్డు ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఇళ్ల తరగతులు ముందే గీసుకుంది, ఫేజుల వారీగా రోడ్లకు నంబర్లు వేసింది. అక్కడ ట్రాఫిక్ నరకమే కావచ్చు. కానీ కొనేవాడు రైతు వారసుల గురించి నిద్ర మానుకోనక్కర్లేదు, ఎందుకంటే గుంటల నుంచి గజాలకు బదలాయింపు ఒక్క యజమాని చేతిలో, ఒక్కసారే జరిగింది. భూసేకరణలో రైతుకు న్యాయమైన ధర దక్కిందా అన్నది వేరే ప్రశ్న.

రెండు పుస్తకాలు

అసలు ముడి ఇది. రెవెన్యూ శాఖ పహాణీలో ఎకరాలు, గుంటలు రాస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో గజాలు ఎక్కుతాయి. 1985లో పదెకరాలు 181 ప్లాట్లుగా అమ్ముడుపోతే 181 దస్తావేజులు సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతాయి. పహాణీలో మాత్రం పట్టాదారు పేరు మారదు, ఎందుకంటే 200 గజాలకు మ్యుటేషన్ చేయించుకోవాలని ప్లాటు కొన్నవాడికి తోచదు, చేసే పద్ధతీ లేదు. నేలను వ్యవసాయేతరంగా మార్చినట్టు కాగితమూ ఉండదు. అందుకు ప్రత్యేక చట్టం 2006లో గానీ రాలేదు. వాడుకలో దాన్ని 'నాలా' అంటారు, నీళ్లు పారే నాలాతో దానికి సంబంధం లేదు.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఏ నేలలో ప్లాట్లు పడ్డాయో నోటి లెక్కగా తెలిసిన మనిషి పోయాడు, అతని బస్తాలోని కాగితాల్లో కొన్ని కూడా పోయాయి. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టినప్పుడు పహాణీలో ఎవరి పేరుంటే వాళ్లకు, లేదా వారసులకు, కొత్త పాసుపుస్తకాలు వచ్చాయి. ఇళ్లున్న నేలకు రైతుబంధు డబ్బులు పడ్డ ఉదంతాలు అలా పుట్టినవే. అంతకన్నా ప్రమాదం ఇంకోటి: పాసుపుస్తకం చేతిలో ఉన్నవాడు అదే పదెకరాలను ఎకరాల లెక్కన మళ్లీ అమ్మగలడు. 2020 అక్టోబరులో ధరణి వచ్చాక వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు చేస్తున్నారు, ప్లాట్లు సబ్ రిజిస్ట్రార్ దగ్గరే. రెండు పుస్తకాలు రెండు బల్లల మీదికి చేరాయి. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. పహాణీలో ఇంకా చెలకగానే ఉన్న కాలనీలను ఆ లెక్క నుంచి తీసే పని దానితోనే అయిపోదు.

ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, దీన్ని సరిచేస్తుందని అనుకోవడం పెద్ద పొరపాటు. 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 కింద దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అది లేఅవుట్ లోపాన్ని క్రమబద్ధీకరిస్తుంది, అంతే. పార్కుకు 10 శాతం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుంటుంది. యజమాని ఎవరన్నది తేల్చదు. చెరువు లోపలి నేలలోనో ప్రభుత్వ భూమిలోనో ఉన్న ప్లాటుకు వర్తించదు. ఎల్‌ఆర్‌ఎస్ ఉంది కదా అని లింకు దస్తావేజులు చూడకుండా కొన్నవాళ్లు లోపాన్ని రుసుముతో సహా కొన్నట్టు.

అలుగు ఎటు పారేది

దక్కన్ పీఠభూమి మీద చెరువులు ఒంటరిగా ఉండవు. పై చెరువు నిండితే అలుగు మీదుగా పొర్లి కింది చెరువుకు పోతుంది, అది నిండితే ఇంకో కిందికి. చివరికి మూసీ. తూము వేరు, అలుగు వేరు. తూము పొలానికి నీళ్లిచ్చే తలుపు. కింద వరి లేకపోతే దానికి పనిలేదు, మూసేసినా కొంప మునగదు. అలుగు మిగులు నీటికి దారి. దాన్ని మూస్తే నీళ్లు ఆగవు, వేరే దారి చూసుకుంటాయి. కాలనీలు వేసేటప్పుడు రెంటినీ "పాత కాలువ" అనే ఒక్క పేరుతో పూడ్చారు.

చెరువు లోపలి నేలను శిఖం అంటారు. అందులో కొందరికి పట్టాలు కూడా ఉంటాయి. నీళ్లు తగ్గాక వేసవిలో అక్కడ సాగు చేసుకునేవాళ్లు. ఆ శిఖం పట్టా నిజమైనదే, కానీ అది కట్టుకోవడానికి హక్కు కాదు. "పట్టా భూమి, క్లియర్ టైటిల్" అని అమ్మిన చోట్ల అబద్ధం చెప్పకుండానే మోసం జరిగింది. కొన్నిచోట్ల అలుగును రాత్రికి రాత్రి ఒకటి రెండు అడుగులు తగ్గిస్తారు. చెరువు నిండే మట్టం తగ్గుతుంది, అంచున ఎకరాల కొద్దీ నేల పైకి తేలుతుంది. అసలు అలుగు ఎత్తుకు నీళ్లు ఎక్కడిదాకా విస్తరిస్తాయో అదే పూర్తి నీటిమట్టం, అందరూ ఎఫ్‌టీఎల్ అనేది. దానికి బయట, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్. నాలా వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు వదలాలి. ఇవి 2012 నాటి జీవో 168లోని కొలతలు. చెరువుల ఆక్రమణలు తొలగించేందుకు 2024 జులైలో ఏర్పడిన హైడ్రా కూల్చివేతలతో ఈ అంకెలు ఇంటింటి మాటయ్యాయి.

కట్ట కింది తరి నేల సంగతి దీనికన్నా తక్కువమందికి తెలుసు. అది ఎఫ్‌టీఎల్‌లో ఉండదు, బఫర్‌లో ఉండదు, చట్టం ప్రకారం కట్టుకోవచ్చు. కానీ తరాలుగా వరి పండిన నేల అంటే ఊళ్లో అన్నిటికన్నా పల్లం, ఊట ఎక్కువ. అక్కడ సెల్లారు తవ్వితే ఏడాదిలో ఆరు నెలలు మోటారు నడపాలి. గ్రామ నక్షాలో చెరువు కట్ట ఎటుందో, పహాణీలో నేల తరగతి తరి అని ఉందో లేదో చూస్తే ఇది ముందే తెలిసిపోతుంది.

నీళ్ల లెక్క ఒకసారి వేసి చూద్దాం. పదెకరాలంటే దాదాపు 40,470 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 20 లక్షల లీటర్లు. దుక్కి దున్నిన చెలకలో చాలా భాగం నేలలోకి ఇంకుతుంది, గట్ల దగ్గర ఆగుతుంది. సిమెంటు రోడ్లు, గేటు దాకా టైల్స్ పరిచిన కాలనీలో 80 శాతం పారుతుందనుకుంటే 16 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 320, ఒక్క గంటలో పల్లం వైపు పోవాలి. పోయే దారి 20 ఏళ్ల కింద వేసిన అడుగున్నర పైపు. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడినప్పుడూ, 2016 సెప్టెంబరులో నిజాంపేటలో అపార్టుమెంట్ల సెల్లార్లు మునిగినప్పుడూ, 2020 అక్టోబరులో గుర్రం చెరువు, పల్లె చెరువు తెగినప్పుడూ వాన ఎక్కువే. అయితే నీళ్లు చేరిన చోట్లు కొత్తవి కావు, పాత నక్షాలో నీలం గీతలు ఉన్నవే.

పూడ్చిన మోట బావి ఇంకో రకం ఉచ్చు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు బావిని కూల్చిన ఇళ్ల శిథిలాలతో నింపి పైన ఎర్రమట్టి పోస్తే ఏమీ తెలియదు. ఇల్లు సగం బావి మీద, సగం గట్టి మొరం మీద పడితే రెండు మూడు వానాకాలాల తర్వాత ఒక మూల దిగుతుంది, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. పునాది గుంత తవ్వినప్పుడు ఇటుక ముక్కలు, గుడ్డలు, ప్లాస్టిక్ కనిపిస్తే అక్కడే ఆగి గట్టి నేల దాకా పోవాలి, లేదా పైల్స్ వేయాలి. పాత నక్షాలో బావి గుర్తు సాధారణంగా ఉంటుంది. ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు ఇంకా కచ్చితంగా చెబుతారు.

మీ కాలనీ కింది పొలాన్ని చదవాలంటే

మొదట దస్తావేజులోని అన్ని సర్వే నంబర్లూ రాసుకోండి, ఒక్కటి కాదు. గ్రామ నక్షా, ఆ నంబర్ల టీపన్లు, ఖాస్రా పహాణీ నకళ్లు దరఖాస్తు పెట్టి తీసుకోండి. ఖాస్రాలో పట్టాదారు గడి, సాగుదారు గడి ఒకే పేరు చెబుతున్నాయా చూడండి. వేర్వేరైతే రక్షిత కౌలుదారు రిజిస్టరు నకలు కూడా అడగాలి. సేత్వార్ విస్తీర్ణాన్ని లేఅవుట్ నక్షాలోని ప్లాట్లు, రోడ్ల మొత్తంతో సరిపోల్చండి. ఏడెకరాల నంబరులో ఎనిమిదెకరాల లేఅవుట్ కనిపిస్తే పక్క నంబరులోకో నాలాలోకో ఎకరం జరిగిందని అర్థం. ఇది తేలిగ్గా చేయగలిగిన పరీక్ష, అయినా దాదాపు ఎవరూ చేయరు.

ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం, రెండు రకాలుగా తీయాలి: ప్లాటు నంబరుతో ఒకటి, సర్వే నంబరుతో ఒకటి. ఎకరాల లెక్కన జరిగిన అమ్మకం మొదటి దానిలో కనబడదు. కంప్యూటరులో 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పుస్తకాల్లో వెతికించాలి. ఇప్పటి భూభారతి రికార్డులో అదే సర్వే నంబరు ఎవరి పేరున, ఎన్ని గుంటలుగా ఉందో కూడా చూడండి. అక్కడ పట్టాదారు పాసుపుస్తకం సజీవంగా ఉంటే సంక్షేమ సంఘం తరఫున అందరూ కలిసి, ఈ నేలలో ఇళ్లున్నాయని దస్తావేజుల జాబితాతో సహా తహసీల్దారుకు, కలెక్టరుకు అర్జీ ఇవ్వాలి. ఒక్కొక్కరు విడిగా వెళితే 200 గజాల సమస్య, కలిసి వెళితే పదెకరాల సమస్య. రెవెన్యూ వాళ్లకు అర్థమయ్యేది రెండోదే.

గ్రామ నక్షాను ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూడటం కష్టమేం కాదు. చెరువు కట్ట, ఊరి గుడి, మూడు సర్వే నంబర్లు కలిసే చోట పాతిన రాయి లాంటివి కదలని గుర్తులు. కనీసం మూడు దొరికితే మిగతా నక్షా వాటికి కుదురుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో వెనక్కి వెళ్లి 2000ల మొదటి ఏళ్ల నవంబరు చిత్రాలు చూడండి, వేసవివి కాదు. ఏప్రిల్‌లో శిఖం కూడా ఎండిన చెలకలాగే ఉంటుంది.

పాత ఊరు మాత్రం ఈ లెక్కల్లో దేనికీ దొరకదు. గ్రామకంఠంలోని ఇళ్లకు విడి సర్వే నంబర్లు ఉండవు, లేఅవుట్ ఉండదు, చాలావాటికి దస్తావేజూ ఉండదు. ఇంటి నంబరు, పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇరుగుపొరుగు సాక్ష్యం, ఇవే ఆధారాలు. కూకట్‌పల్లి, మాదాపూర్ లాంటి చోట్ల అపార్టుమెంట్ల మధ్య ఒక్కసారిగా సందులు ఇరుకై, బొడ్రాయి, పోచమ్మ గుడి ఎదురైతే మీరు గ్రామకంఠంలోకి వచ్చినట్టు. అక్కడ నేల చుట్టుపక్కల కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది.